మధ్యాహ్నం రెండు గంటల వంతు

ఒకరి తరువాత ఒకరు గంట చొప్పున తెగకుండా చేసే గొలుసు ప్రార్థనకు వంతులు పంచేటప్పుడు రాత్రి రెండు గంటలకూ మూడు గంటలకూ చేతులు ముందుగా లేస్తాయి. మధ్యాహ్నం రెండు గంటలు అనేసరికి మాత్రం ఎవరూ తల ఎత్తరు. నడిరాత్రి లేచి మోకరించానంటే ఆదివారం నిలబడి సాక్ష్యం చెప్పుకోవచ్చు. భోజనం చేశాక వచ్చే కునుకు ఆపుకుని ప్రార్థించానంటే మెచ్చుకునేదెవరు? పైగా ఆ వేళకు మగవాళ్లు ఆఫీసుల్లో ఉంటారు, ఆడవాళ్లు పిల్లల్ని బడి నుంచి తెచ్చుకునే హడావుడిలో ఉంటారు. అందుకని ఆ వంతు హాలంతా తిరిగి తిరిగి చివరికి దయామణి ముందుకొచ్చి ఆగేది.

"మన దయామణి సిస్టర్ ఉన్నారుగా. ఆమె కాదనరు" అన్నాడు జగన్మోహనరావు.

ఆ మాట నిజమే. కాదనడం ఒక్కటీ దయామణికి చేతకాదు. నలభై ఏళ్లొచ్చినా నేర్చుకోలేదు. బూన్ లే అనే పేటలో ముసలివాళ్లను చూసుకునే ఆశ్రమంలో నర్సు ఆవిడ. అక్కడ ఎవరు రాకపోయినా ఆవిడే నిలబడాలి, ఇక్కడ ఎవరు నిలబడకపోయినా ఆవిడే మోకరించాలి. సరేనన్నట్టు తల ఊపి, పాటల పుస్తకాలు సర్దడంలో పడిపోయింది.

దేశం కాని ఆ దేశంలో, జురాంగ్ ఈస్ట్‌లో, చైనావాళ్ల చర్చి ఒకటి తన వెనక హాలును ఆదివారం సాయంత్రాలు తెలుగు సహవాసానికి అద్దెకిస్తోంది. ఆ ఏడాది ఆఖరుకి కంప్యూటర్లన్నీ తేదీ తెలియక తికమకపడి ఆగిపోతాయని లోకమంతా బెంబేలెత్తుతున్న రోజులు. ఆ తికమక సరిచేయడానికి విమానాల నిండా తెలుగు కుర్రాళ్లు దిగుతున్నారు. పోయినేడు పాతికమంది లేని సహవాసం ఇప్పుడు హాలు చాలక వరండాలో కూడా కుర్చీలు వేసుకుంటోంది. జగన్మోహనరావు ఒక బ్యాంకు కంప్యూటర్ సెక్షన్లో మేనేజరు. సహవాసానికి పెద్ద. మనిషి మంచివాడే. కాకపోతే ప్రార్థనను కూడా ఆఫీసు పనిలాగే నడిపిస్తాడు. ఎవరి తరువాత ఎవరు, ఎవరికి ఆటంకమొస్తే బదులెవరు, అన్నీ ముందే తేలిపోవాలి ఆయనకు.

ఈసారి గొలుసు కరుణ కోసం. గురువారం తెల్లవారుజామున మొదలుపెట్టి ఆదివారం ఆరాధన దాకా తెగకుండా సాగాలి. కరుణకు ముప్పై రెండేళ్లు. ఇక తాము చేసేదేమీ లేదని ఆసుపత్రివాళ్లు నొప్పి తెలియకుండా మందిచ్చి, టోవా పాయోలోని ఫ్లాట్‌కి పంపేశారు. భర్త చక్రధర్ వరంగల్ వాడు, హిందువు, ఇష్టపడి చేసుకున్నాడు. ఆదివారాలు భార్యను హాలు గుమ్మం దాకా దింపి, కింద కాఫీ షాపులో పేపరు చదువుకుంటూ కూర్చుని, కూడిక అయ్యాక వచ్చి తీసుకెళ్లేవాడు. వాళ్లకు ఆరేళ్ల కూతురు, మహతి.

"ఒక ముఖ్యమైన సంగతి" అన్నాడు జగన్మోహనరావు. "ఎవరి గంట అయ్యాక వాళ్లు ముందు కరుణ సిస్టర్ ఇంటికి ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కోవాలి. తరువాతి వాళ్లకు ఆ సంగతి చెప్పి వంతు అప్పగించాలి. సమాచారం తాజాగా ఉంటేనే భారంతో ప్రార్థించగలం. వీలైతే ఆమెతోనే మాట్లాడండి. ఆమె గొంతు వింటే మన విశ్వాసం బలపడుతుంది."

"రాత్రిళ్లు కూడానా అండీ?" అని వెనక వరసలోంచి ఎవరో అడిగారు.

"వాళ్లింట్లో ఎలాగూ ఎవరూ నిద్రపోవడం లేదు" అన్నాడాయన జాలిగా.

అందరూ ఆమెన్ అన్నారు. దయామణి కూడా అంది. అందరికంటే కాస్త గట్టిగానే అంది.

గురువారం తన గంట ముగించుకుని ఆమె టోవా పాయోకి ఫోన్ చేసింది. రెండుసార్లు మోగగానే కరుణే తీసింది. "బాగానే ఉన్నానక్కా" అంది. 'బాగానే'కీ 'ఉన్నాన'కీ మధ్య ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. "నువ్వు అన్నం తిన్నావా? డ్యూటీ నుంచి వచ్చి అలాగే కూర్చున్నావేమో."

"తిన్నానమ్మా" అని అబద్ధమాడింది దయామణి. ఇరవై ఏళ్లుగా మంచాల పక్కన నిలబడి వింటున్న చెవులు ఆమెవి. ఆ ఊపిరి ఎటు నడుస్తోందో వాటికి తెలిసిపోయింది. ఆ తెలిసినదాన్ని లోపలికి తోసేసి, తరువాతి వంతు జగన్మోహనరావుది కాబట్టి ఆయన ఆఫీసుకి ఫోన్ చేసింది. "బాగానే ఉందటండీ" అని చెప్పింది.

*

శుక్రవారం పగటి డ్యూటీ పడి, ఆ మధ్యాహ్నం వంతు సహవాసంలోని ఎస్తేరుకు అప్పగించింది. రాత్రి డ్యూటీకి రావాల్సిన ఫిలిప్పీన్స్ అమ్మాయికి జ్వరం. పగలు చేసిన దయామణినే రాత్రి కూడా ఉండమన్నారు. ఉండిపోయింది. తెల్లారాక కూడా మనుషులు చాలక, శనివారం మధ్యాహ్నం దాకా ఉంచేశారు.

మంచాన పడినవాళ్లను రెండేసి గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలి. లేకపోతే వీపు పుండు పడుతుంది. ఇద్దరు కలిసి చేయాల్సిన పని అది. ఒక్కతే అయినప్పుడు దయామణి ఒక మోకాలు మంచం మీద ఆనించి, నడుము కింది దుప్పటిని రెండు చేతులా పట్టుకుని, తనవైపు లాక్కుని, మనిషి దొర్లగానే వీపు వెనక దిండు దూర్చేది. మోకాళ్ల మధ్య ఇంకో చిన్న దిండు పెట్టేది. మడమలు ఎత్తి చూసి, ఎర్రబడిన చోట మందు రాసేది. తరువాత పక్క మంచం. ఆ చివరి మంచం దాకా వెళ్లేసరికి ఈ చివర మళ్లీ వేళ అయ్యేది.

కిటికీ పక్కన పడుకునే చైనా ముసలమ్మకు తొంభై దాటాయి. ఆమెను తిప్పినప్పుడల్లా మెలకువ వచ్చి, దయామణి చొక్కా చెయ్యి పట్టుకుని తన భాషలో ఒకే మాట అనేది. ఆ మాటకు అర్థమేమిటని వెనకెప్పుడో వంటమనిషిని అడిగింది దయామణి. "నన్ను ఇలా ఉండనీ, అంటోంది" అని చెప్పిందావిడ. ఎలా ఉండనిస్తారు? పుండు పడితే ఎవరిది పూచీ? ముసలమ్మ వేళ్లను ఒక్కొక్కటే విప్పి, చెంప నిమిరి, దిండు సర్దింది దయామణి.

ఇల్లు చేరేసరికి కాళ్లు తనవి కావన్నట్టు ఉన్నాయి. మొగుడు ప్రభుదాసుకు శనివారం కూడా ఆఫీసే, కంప్యూటర్లకు పరీక్షలు జరుగుతున్నాయి. ముందుగది దాటి పడకగదిలోకి వెళ్లకముందే ఫోన్ మోగింది. ముందు గంట వంతు చేసిన ఎస్తేరు.

"అక్కా, నా వంతు అయింది. అందుకుంటావా?"

"కరుణ ఎలా ఉంది?"

"బాగానే ఉన్నానంది. గొంతే కొంచెం నీరసంగా ఉంది. నువ్వెలా ఉన్నావు? నీ గొంతు కూడా అలాగే ఉందే?"

"నాకేం, బాగానే ఉన్నాను."

ముఖం కడుక్కుంది. అన్నం ఊసే తలవలేదు, వంతు చేసే రోజు ఉపవాసం కదా. పడకగది తలుపు వేసి, ఫ్యాను పెట్టి, చున్నీ తల మీద కప్పుకుని మంచం పక్కన మోకరించింది. పరుపు మీద మోచేతులు ఆనించింది. ప్రభువా, కరుణ, అంది. ఆ బిడ్డ మహతి, అంది. కిటికీ పక్క ముసలమ్మ పేరు గుర్తురాక వెతుక్కుంది. మళ్లీ కరుణ దగ్గరకొచ్చింది. ఒక్క క్షణం ఊపిరి తీసుకుందాం అన్నట్టు నుదురు పరుపుకి ఆనించింది. ఎంతవరకు ప్రార్థించిందో ఆమెకే తెలియదు.

భుజం మీద చెయ్యి పడితే ఉలిక్కిపడి లేచింది. గదిలో వెలుతురు తగ్గిపోయి ఉంది. ప్రభుదాసు ఆఫీసు బట్టలతోనే ఎదుట నిలబడి ఉన్నాడు. ఆమె చెంప మీద దుప్పటి ముడతలు అచ్చుపడి ఉన్నాయి. మోకాళ్ల కింద కాళ్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు.

"ఎన్నిసార్లు ఫోన్ చేశాననుకున్నావు? జగన్ గారు కూడా చేశార్ట" అన్నాడు. తరువాత ఆమె పక్కన నేల మీద కూర్చుని గొంతు తగ్గించాడు. "కరుణ పోయింది, దయా."

"ఎప్పుడు?"

"నాలుగింటి వేళట."

దయామణి గోడ గడియారం వైపు చూసింది. మళ్లీ ఆయన వైపు చూసింది. మూడింటికి తను ఫోన్ చేయలేదు. జగన్మోహనరావు బ్యాంకులో పరీక్షల గొడవలో మునిగిపోయి, ఫోన్ రాలేదన్న సంగతి సాయంత్రం దాకా గమనించలేదు; ఆయన తరువాతి వాళ్లకూ కబురు అందలేదు. అంటే రెండు నుంచి సాయంత్రం వరకు కరుణ కోసం పెదవి కదిపిన మనిషి ఒక్కరూ లేరు. పోవడానికి ఆమె ఆ వేళే చూసుకుంది. ఏడుపు రాలేదు దయామణికి. మంచం కోడు గట్టిగా పట్టుకుంది.

*

సోమవారం వానలో సమాధి చేశారు. బుధవారం సాయంత్రం ఇంటివాళ్లను ఓదార్చడానికి అదే హాలులో ఆదరణ కూడిక పెట్టారు. ముందు వరసలో చక్రధర్ కూర్చున్నాడు, ఒళ్లో మహతి. గుమ్మం దాకా తప్ప లోపలికి రాని మనిషి, ఆ కుర్చీలో ఎలా కూర్చోవాలో తెలియనట్టు అంచున కూర్చున్నాడు. పాట ఎత్తుకోమని దయామణికి సైగ చేశారు. రెండో చరణం దగ్గర ఆమె పాట ఆపేసింది. మిగతా పాట ఎస్తేరు లాక్కొచ్చింది.

జగన్మోహనరావు లేచాడు. మూడు రోజుల గడ్డం, కళ్ల కింద నలుపు. దుఃఖం నటన కాదు ఆయనది.

"విసుగకుండా, అలసిపోకుండా ప్రార్థించమన్నాడు ప్రభువు" అన్నాడు. "మనం పట్టుకున్నాం. రాత్రీ పగలూ పట్టుకున్నాం. కానీ శత్రువుకి ఒక్క సందు చాలు. గొలుసు ఎక్కడో తెగింది. ఎవరి దగ్గరని నేను అనను. ఎవరికి వాళ్లం పరీక్షించుకుందాం."

ఆయన అననక్కర లేదు. ఎవరి తరువాత ఎవరో హాలందరికీ తెలుసు. ఒక్కరు కూడా తల తిప్పి చూడలేదు. ఆ చూడకపోవడమే దయామణి మెడ మీద బరువుగా కూర్చుంది. చూసింది చక్రధర్ ఒక్కడే. ఆ మాట విని తల ఎత్తి, వెనక్కి తిరిగి, ఎవరినో వెతుకుతున్నట్టు వరసలన్నీ కలియజూశాడు. దయామణి తల దించుకుంది.

కూడిక అయ్యాక ఎస్తేరు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "పోన్లే అక్కా, నువ్వు కావాలని పడుకున్నావా ఏంటి" అని, చెయ్యి ఒకసారి నొక్కి వదిలేసి, టీ గ్లాసులు అందించడానికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది దయామణికి.

ఇంటికి వెళ్లే ట్రైన్‌లో ప్రభుదాసు అన్నాడు: "నీ పేరైతే చెప్పలేదుగా."

"చెప్పేస్తే ఒక్కసారితో పోయేదండీ" అంది.

శనివారం నుంచి నిద్ర ఆమెను పూర్తిగా వదిలేసింది. ఒళ్లు అలిసిపోయి మంచం మీద వాలుతుంది, కళ్లు మూతపడబోతాయి, అంతలోనే ఎవరో పిలిచినట్టు లేచి కూర్చుంటుంది. తను నిద్రపోతే మళ్లీ ఎవరో ఒకరు పోతారన్న భయం. ప్రార్థన కూడా పోయింది. మోకాలు నేలకు తగలగానే శనివారం మధ్యాహ్నం గుర్తొస్తుంది. చిన్నప్పటి నుంచి ఒక్కరోజు తప్పని అలవాటు అది. ఇప్పుడు మంచం పక్కన ఆ జాగా వైపు చూడడానికే భయమేస్తోంది. ఇరవై నాలుగ్గంటలు నిలబడగలిగిన కాళ్లు ఒక్క గంట మోకరించలేకపోయాయా అని తన మీద తనకే అసహ్యం వేసింది.

వచ్చే ఆదివారం ప్రభు బల్ల, అందరూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే రోజు. ఒకరి పట్ల అపరాధం ఉంచుకుని ఆ రొట్టె ముట్టుకోవడం ఎలా? ముందు ఆ మనిషి దగ్గరకు వెళ్లి చెప్పుకోవాలి. అతను క్షమిస్తే బల్ల దగ్గరకు, లేకపోతే ఇక ఆ హాలు మెట్లే ఎక్కకూడదు. గురువారమంతా మంచాలు తిప్పుతూ, జావ తాగిస్తూ, పక్కలు మారుస్తూ ఆ మాటే నూరుకుంది.

*

శుక్రవారం డ్యూటీ కాగానే ఇంటికెళ్లి, పొద్దునే చేసిపెట్టిన చారూ, బంగాళాదుంప వేపుడూ కారియర్లో సర్దుకుని టోవా పాయో బయల్దేరింది. లిఫ్ట్ దిగి వరండాలో నడుస్తుంటే, చెప్పబోయే మాటలన్నీ ఒక్కొక్కటే జారిపోయాయి. గుమ్మం ముందు నిలబడేసరికి 'నేనే' అన్న ఒక్క మాటే మిగిలింది.

తలుపు తీసింది పక్క ఫ్లాట్ వీరమ్మ. ఎప్పుడో తాతల నాడు విశాఖ తీరం నుంచి ఓడలో వచ్చిన కుటుంబం. కరుణ మంచాన పడ్డప్పటి నుంచి పిల్లను ఆవిడే చూసుకుంటోంది. నుదుట పెద్ద బొట్టు, చేతిలో పిల్ల తిన్న కంచం.

"ఎవరమ్మా, చర్చి మనిషివా? రా, ఉళ్ళే రా, లోపలికి. పాపకి ఇప్పుడే మకాన్ అయింది. వాళ్ల నాన్న, ఆ పిల్లోడే ఏమీ తినడు. తినమని సొల్లి సొల్లి నా నోరు నొప్పి" అని తమిళం, మలయ్ కలగలిసిన తెలుగులో అంటూ కారియర్ అందుకుని వంటింట్లోకి వెళ్లింది.

మహతి సోఫా మీద బొమ్మలకు రంగులేస్తోంది. "నాన్న పడుకున్నాడా?" అని అడిగింది దయామణి.

"నాట్ స్లీపింగ్ లా ఆంటీ. జస్ట్ క్లోజింగ్ హిజ్ ఐస్" అంది పిల్ల, తల ఎత్తకుండానే.

కిటికీ దగ్గర కుర్చీలో ఉన్న చక్రధర్ కళ్లు తెరిచాడు. గోడ వార కరుణ మంచం ఇంకా అలాగే ఉంది. పక్క బల్ల మీద మందు సీసా, గ్లాసు, వాటి పక్కన తెల్ల ఫోన్. పడుకునే మనిషికి చెయ్యి చాపితే అందేటంత దగ్గరగా ఉంది.

దయామణి సోఫా అంచున కూర్చుంది.

"చక్రధర్ గారూ" అంది. "బుధవారం జగన్ గారు అన్నారే, గొలుసు తెగిందని. తెగింది నా దగ్గరేనండీ. శనివారం రెండు గంటల వంతు నాది. మోకరించి, అలాగే నిద్రపోయాను. సాయంత్రం మా ఆయన లేపేదాకా లేవలేదు. మీరేమన్నా పడతాను. ఆ మాట మీకు చెప్పకుండా నేను ఉండలేకపోతున్నాను."

అతను ఆమెనే చూస్తున్నాడు. "రెండు గంటల వంతు మీదేనా అక్కా?"

"నాదే."

"బుధవారం సంది అడుగుతున్న. ఎవ్వరూ చెప్తలేరు. జగన్ సార్‌ను అడిగితే, 'మనసుల పెట్టుకోవద్దు, క్షమించాలె' అన్నడు."

వెతికాడన్నమాట. వెతకడా మరి? ఆమె తల దించుకుని ఎదురుచూసింది.

చక్రధర్ ఫోన్ వైపు చూశాడు. "మూడు దినాలు అది మోగుతనే ఉండె అక్కా" అన్నాడు. గొంతు నెమ్మదిగా ఉంది. "గంట గంటకు. రాత్రి లేదు, పగలు లేదు. మందు తాగితే కొంచెం నిద్ర పట్టేది ఆమెకు. పట్టిందనేసరికి మోగేది. నేను ఎత్తితే, 'సిస్టర్‌కి ఒక్కసారి ఇయ్యుండ్రి, గొంతు ఇని పెట్టేస్తం' అనేటోళ్లు. తీసి పక్కకు పెడ్తనంటే కరుణ ఒప్పుకోకపోయె. 'వాళ్లు నా కోసం తిండి మానేసి కూసున్నరు, నేను ఒక్క మాట మాట్లాడలేనా' అనేది. లేసి, రెండు గుక్కల నీళ్లు తాగి, గొంతు సరిజేసుకొని, 'బాగనే ఉన్న అక్కా' అనేది. ఫోన్ పెట్టినంక గోడ దిక్కు తిరిగి మూలిగేది."

మహతి రంగు పెన్సిలు ఆపి తండ్రిని చూసింది. ఏమనుకుందో, జరిగి జరిగి వచ్చి దయామణి ఒళ్లో తల పెట్టుకుంది.

"శనివారం మూడు కొట్టింది. మోగలే. ఇద్దరం ఫోన్ దిక్కే చూస్తున్నం. ఇంకింతసేపు అయింది, మోగలే. కరుణ నవ్వింది అక్కా. ఎన్ని దినాలకో నవ్వింది. 'ఎవరో నిద్రపోయినట్టున్నరు, పాపం. పోనీ, నేను గూడ పండుకుంట' అన్నది. దిండు సరిజెయ్యమన్నది. చేసిన. పాపను దగ్గర కూసోబెట్టుకొని, దాని చెయ్యి పట్టుకొని, మంచిగ నిద్రపోయింది. నేను గూడ ఈ కుర్చీలనే కునుకు తీసిన. లేసేసరికి..." చక్రధర్ అరచేతితో ముఖం తుడుచుకున్నాడు. "ముఖం మంచిగుండె. నొప్పి లేదు ముఖంల. ఆ నిద్ర ఆమెకు ఇచ్చిందెవరో తెలుసుకోవాలె, ఒక్కసారి దండం పెట్టాలె అనుకున్న."

అని నిజంగానే రెండు చేతులూ జోడించాడు.

"వద్దు బాబూ" అంది దయామణి. అతని చేతులు పట్టుకుని కిందికి దించింది. అప్పుడు వచ్చింది ఏడుపు, వారం రోజులుగా రానిది. భారం దిగిన ఏడుపు కాదది. గురువారం నాటి గొంతు చెవుల్లో మోగుతోంది. "నేనూ చేశాను ఫోన్. గురువారం చేశాను. ఆ ఊపిరి వినగానే తెలిసింది నాకు, ఇక ఎన్నాళ్లో ఉండదని. తెలిసి కూడా, బాగానే ఉందని చెప్పాను. పడుకో అమ్మా, మాకు సమాధానం చెప్పక్కర్లేదు అని ఒక్క మాట అంటే ఏం పోయేది నాది? అన్నం తిన్నావా అని అదే నన్ను అడిగింది."

"అందరు ప్రేమతోనే చేసిన్రు అక్కా" అన్నాడతను. "గందుకే ఎవ్వరినీ ఏమనలేకపోయిన."

వీరమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, కొంగుతో కళ్లొత్తుకుని, కర్టెన్ సగానికి లాగింది. ఎండ తగ్గి గది చల్లబడింది. ఏడ్చి ఏడ్చి దయామణి ఊరుకుంది. చక్రధర్ వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. ఒళ్లో పిల్ల ఊపిరి బరువెక్కి, చేతిలో పెన్సిలు జారి కింద పడింది. దయామణి దాన్ని తీయలేదు. కదిలితే పిల్ల లేస్తుంది.

అప్పుడు ఫోన్ మోగింది.

మహతి నిద్రలోనే ఒళ్లంతా ఉలిక్కిపడి, దయామణి చొక్కా గుప్పిట పట్టుకుంది. చక్రధర్ కళ్లు తెరిచి, అలవాటుగా కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు.

"మీరు కూర్చోండి" అంది దయామణి. పిల్ల తల కింద కుషన్ సర్ది, గుప్పిట నెమ్మదిగా విప్పి, లేచి వెళ్లి రిసీవర్ తీసింది.

"ప్రెయిజ్ ద లార్డ్, బ్రదర్" అన్నాడు జగన్మోహనరావు. "ఈ రోజు నుంచి మీ కుటుంబానికి ఆదరణ కోసం మళ్లీ గొలుసు మొదలుపెట్టాం. నా గంట ఇప్పుడే అయింది. ఎలా ఉన్నారో కనుక్కుందామని..."

"నేనండీ, దయామణిని."

"సిస్టర్, మీరు అక్కడ... ఎలా ఉన్నారు వాళ్లు? బ్రదర్‌కి ఒక్కసారి ఇస్తారా? గొంతు వింటే..."

"పడుకుంటున్నారండీ. పాప కూడా."

"అలాగా. అయితే తరువాత ఎస్తేరు సిస్టర్ వంతు. ఏమని చెప్పమంటారు?"

"ఏమీ చెప్పొద్దు. ఎవరి ఇంట్లో వాళ్లని ప్రార్థించుకోమనండి. ఇక్కడికి మాత్రం ఫోన్ చేయొద్దనండి." ఆయన గొంతు బొంగురుపోయి ఉందని అప్పుడు గమనించింది. "మీరు కూడా పడుకోండి జగన్ గారూ. వారం నుంచి నిద్రపోయినట్టు లేరు."

"కానీ సిస్టర్..." ఆయన ఇబ్బందిగా ఆగి, చివరికి అనేశాడు. "మళ్లీ మీ దగ్గరే తెగుతుంది గొలుసు."

దయామణి మంచం వైపు చూసింది. దిండు మీద తల పెట్టిన గుంట ఇంకా అలాగే ఉంది. దాన్ని సరిచేయడానికి ఎవరికీ చేతులు రానట్టుంది.

"అవునండీ" అంది. "ఆ రోజు నిద్రలో తెంపాను. ఇవాళ మెలకువతోనే తెంపుతున్నాను."

జీవితంలో మొదటిసారి కాదన్నది ఆమె. రిసీవర్‌ను ఫోన్ మీద పెట్టకుండా బల్ల మీద పక్కకు పడుకోబెట్టింది. అది కాసేపటికి కీచుమని అరవడం మొదలుపెట్టింది. కరుణ దిండు తీసి, గుండెకు ఒకసారి హత్తుకుని, దాని మీద పెట్టింది.

తిరిగొచ్చి సోఫా మీద కూర్చుని, మహతి తల మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. చక్రధర్ ఆమెను చూశాడు. అతని చేతులు కుర్చీ మీంచి జారి ఒళ్లో పడ్డాయి, తల ఒక పక్కకు వాలింది. వీరమ్మ చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేసి వెళ్లిపోయింది.

దయామణి మోకరించలేదు. కూర్చున్న చోటే కళ్లు మూసుకుని, ప్రభువా, కరుణ, అంది. తరువాత మాట కోసం వెతుక్కోలేదు. దిండు కింద ఫోన్ ఇంకా కొంతసేపు కూసి ఊరుకుంది. అది ఊరుకునేసరికి ఆమె నిద్రలో ఉంది.